నల్లకోటులో వెంట్రుక

పోయిన వారం సూదమ్మను నడిబజారులో, మిట్టమధ్యాహ్నపు ఎండలో వదిలేసి వచ్చాం. ఆరు నెలలుగా మొగుడికి తెలియకుండా నడిపిన వ్యవహారాన్ని ఆ పూటే తెంచేసింది. ప్లీడరు అద్దెకు తీసుకున్న గది తాళంచెవి అతని చేతిలోనే పెట్టి, "ఇక నేను రాను, మీరూ మా షాపు గడప తొక్కకండి" అని చెప్పేసి, గుండెల మీద బండ దిగినట్టు ఊపిరి పీల్చుకుంటూ ఇంటిదారి పట్టింది. ఎవరికీ తెలియలేదు, ఇక తెలిసే వీలూ లేదు అనుకుంది. రేపటి నుంచి మొగుడితో నెమ్మదిగా మాట్లాడాలని, పదేళ్ళ కూతురిని అయినదానికీ కానిదానికీ కసరకూడదని, ఏవేవో మంచి నిర్ణయాలు కూడా చేసుకుంది. దొంగతనం మానేసిన రోజునే దొరికిపోయే దొంగలు కొందరుంటారు. షాపు ముందుకు వచ్చేసరికి కౌంటరు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడ ముంజేతి మీద నల్లకోటు వేలాడుతోంది.

నల్లకోట్లు లోకంలో బోలెడు. కానీ తన చేత్తో కుట్టిన బట్టను సూదమ్మ పది అడుగుల దూరం నుంచే పోల్చుకోగలదు. చిరిగిన బట్టకు చిరుగు కనబడకుండా పోగుకు పోగు కలిపి రఫూ చేయడం ఆమె పని. అందుకే బజారంతా ఆమెను సూదమ్మ అంటారు. ఆ కోటు ఆమె ఒళ్ళో గంటసేపు పడుకుంది. అది ఇక్కడ, ఈ షాపులో, ఈ కౌంటరు మీదకు రాకూడని కోటు.

వెనక్కి తిరిగి సందులోకి మాయమైపోదామా అనుకుంది. కానీ మాస్టరు అప్పటికే తలెత్తి చూశాడు. మాస్టరంటే ఆమె మొగుడే, షాపు యజమాని, ఆ వీధిలో పెద్ద టైలరు.

"వచ్చావా. కూరల సంచీ ఏది?" అన్నాడు.

కూరలకని చెప్పి వెళ్ళిన మనిషి ఉత్తి చేతులతో నిలబడి ఉంది. సంచీ ఆ గదిలోనే, కుర్చీ మీద మరిచిపోయి వచ్చింది.

"ఏం బాగాలేవండి. అన్నీ వాడిపోయాయి," అంది.

కౌంటరు దగ్గరున్నావిడ వెనక్కి తిరిగి చూసింది. నలభై దాటిన మనిషి. తెల్ల చెప్పుల్లో పాదాలు వాచి ఉన్నాయి. కళ్ళ కింద నల్లటి చారలు. ఆవిడ చూపు సూదమ్మ ముఖం మీద ఆగింది, అక్కడి నుంచి జడ మీదకు వెళ్ళింది, మళ్ళీ ముఖం మీదకు వచ్చింది.

"ప్లీడరుగారి ఇంట్లోవాళ్ళు," అన్నాడు మాస్టరు పెళ్ళాంతో. "పెద్దాసుపత్రిలో, ఆపరేషన్ గదిలో నర్సట. రా లోపలికి, గుమ్మంలో ఎంతసేపని నిలబడతావు?"

సూదమ్మ గోడకు రాసుకుంటూ లోపలికి వచ్చి, కిటికీ పక్కనున్న రఫూ బల్ల దగ్గర తన పీట మీద కూర్చుంది. ఆరు నెలలుగా ఆమె ఈ నర్సును చూడకుండానే ద్వేషించింది. ద్వేషించడం ఆమెకు అవసరం అయింది. ప్లీడరు చెప్పిన నర్సు ఇంట్లో ఉండని మనిషి, ఉన్నా పలకరించని మనిషి, మొగుణ్ణి రోగి కన్నా హీనంగా చూసే మనిషి. ఎదురుగా ఉన్నావిడ నిలబడి నిలబడి పాదాలు వాచిన మనిషి. ఈ రెండిట్లో ఏది నిజమో తేల్చుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

"ఈ కోటు పట్టుకుని నాలుగు షాపులు తిరిగాను మాస్టారూ," అంది నర్సు. "నలుగురూ ఒకే మాట అన్నారు. ఈ చేయి మీ షాపుది తప్ప ఇంకొకళ్ళది కాదన్నారు."

"ఏదీ, ఇలా ఇవ్వండి సిస్టరమ్మా."

మాస్టరు కోటు తీసుకుని కిటికీ వెలుతురుకు తెచ్చాడు. సూదమ్మకు జానెడు దూరంలోనే దాన్ని తిరగేసి పరిచాడు. ఎడమ గుండె మీద, లోపలి జేబు కింద, బొటనవేలంత రఫూ. పై వైపు నుంచి చూస్తే బ్రహ్మదేవుడు కూడా పోల్చలేడు. ఆ గది తలుపుకున్న మేకు తగిలి చిరిగింది. "వదిలెయ్, ఎవరు చూస్తారు," అన్నాడు ప్లీడరు అప్పుడు. నిజమే, వదిలేయాల్సింది. పోనీ ఏదో నాలుగు టాకాలు వేసి నాసిగా ముడేసినా, ఈ రోజు బతికిపోయేది. కానీ చిరుగు చూస్తే చేయి ఊరుకోదు. సంచీలో సూది ఎప్పుడూ ఉంటుంది. కోటు లోపలి మడత నుంచే పోగులు లాగి, వరస వరసగా నేసి, ఆఖరి వరస షాపులో ఎలా వేస్తుందో అలాగే వేసింది. చెడుగా కుట్టడం చేతకాకపోవడం కూడా ఒక నేరమవుతుందని ఆ రోజు ఆమెకు తెలియలేదు.

మాస్టరు భూతద్దం పెట్టి చూశాడు. ఆ తరవాత బొటనవేలి గోటితో కోటు లోపలి అస్తరు గుడ్డ అంచు కొద్దిగా పైకి లేపాడు. ఆ షాపులో రఫూ చేసిన ప్రతి బట్టకు అస్తరు అంచు కింద ఒక్క నీలం దారపు కుట్టు పడుతుంది. అది ఆ షాపు గుర్తు. మాస్టరు వెతుకుతున్నది దాని కోసమే. అది అక్కడ లేదు. షాపుకు రాని బట్టకు షాపు గుర్తు ఎందుకుంటుంది?

ఆయన రెండోసారి కూడా చూశాడు. అంచును మెల్లగా వదిలేసి, వేలితో నిమిరి సరిచేశాడు. ఇప్పుడు తలెత్తుతాడు, ఇప్పుడు నా ముఖంలోకి చూస్తాడు, ఇప్పుడు అడుగుతాడు అని సూదమ్మ కళ్ళు మూసుకుంది. గోడ గడియారం చప్పుడు, ఇస్త్రీ పెట్టె చిటపటలు వినబడ్డాయి.

"ఇది నా పనే," అన్నాడు మాస్టరు.

సూదమ్మ కళ్ళు తెరిచింది. ఆయన ఆమెను చూడటం లేదు, కోటు మడతపెడుతున్నాడు. ఆయన అడిగి ఉంటే భయపడేది, ఏడ్చేది, కాళ్ళు పట్టుకునేది. అడగకుండా అబద్ధమాడేసరికి ఏం చేయాలో తోచలేదు.

"మీరే చేశారా?" అంది నర్సు.

"నేనే. ఏం, పనిలో లోపం ఏమైనా వచ్చిందా?"

"లోపం లేదు. లోపం లేకపోవడమే నా గొడవ." ఆవిడ కౌంటరు పక్కనున్న కుర్చీ మీద కూర్చుంది. "నాకు రోజంతా కుట్లు చూడటమే పని మాస్టారూ. ఏ కుట్టు ఏ డాక్టరు వేశాడో పేరు చూడకుండా చెప్పేస్తాను. తొమ్మిది రోజుల కిందట ఈ కోటు దులుపుతుంటే వేలికి తగిలింది. ఎప్పుడు చిరిగిందండీ అని ఆయన్ని అడిగాను. చిరగనే లేదే అన్నాడు. చిరిగింది, కుట్టించాను అంటే నేను ఆ మాటే మరిచిపోయేదాన్ని."

ఊరందరి అబద్ధాలకూ కోర్టులో చక్కగా ఇస్త్రీ చేసి పెట్టే ప్లీడరుకు, ఇంట్లో ఒక్క చిన్న అబద్ధం కుదరలేదు. సూది కోసం సోదికి వెళితే పాత రంకంతా బయటపడిందని సామెత. ఇక్కడ సోదికి వెళ్ళే శ్రమ కూడా లేకుండా సూదే అంతా వెళ్ళగక్కేసింది.

"ఇంకో సంగతి," అంది నర్సు. సంచీలోంచి మందుల పొట్లం లాంటి చిన్న కాగితం మడత తీసి విప్పింది. "ఈ కుట్టులో ఒక పోగు వేరేగా మెరుస్తుంటే సూదిమొనతో లాగాను. మా ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టించాను. దారం కాదు. తల వెంట్రుక. జానెడు ఉంది చూడండి, అదీ తెగిన ముక్క. ఎవత్తో తన జుట్టు పీకి నా మొగుడి గుండె మీద కుట్టింది."

సూదమ్మ చేయి దానంతటదే జడ మీదకు పోయింది. అది తెలిసి చటుక్కున దించేసింది. నర్సు చూసిందో లేదో తెలియదు. చూసే ఉంటుందనిపించింది.

మాస్టరు నవ్వాడు. ఆయన అలా నవ్వి చాలా కాలమైంది.

"ఇదా తల్లీ మీ బెంగ. ఇది మా ఇంటి పద్ధతి. నల్ల ఉన్ని మీద ఆఖరి వరస దారంతో వేస్తే ఎండలోకి వెళ్ళగానే తెలిసిపోతుంది. వెంట్రుకతో వేస్తే కలిసిపోతుంది. మా నాన్న మా అమ్మ జుట్టుతో వేసేవాడు. నేను దీని జుట్టుతో వేస్తాను. ఇదిగో, దువ్వెనకు వచ్చినవన్నీ ఈ డబ్బాలో దాస్తాం." రఫూ బల్ల సొరుగులోంచి రేకు డబ్బా తీసి మూత తెరిచి చూపించాడు. "ఈ ఊళ్ళో సగం మంది ప్లీడర్లు మా ఇంటి ఆడవాళ్ళ జుట్టు తొడుక్కునే కోర్టుకు వెళ్తారు. వాళ్ళకు తెలియదు, పాపం."

నర్సు డబ్బాలోకి చూసింది. చుట్టలు చుట్టి పెట్టిన నల్లటి వెంట్రుకలు. ఆవిడ భుజాలు కాస్త దిగాయి. నమ్మాలని ఆవిడకు ఎంత ఉందో సూదమ్మకు కనబడింది. దాహంతో ఉన్న మనిషి గ్లాసు వంక చూసినట్టు చూసింది ఆ డబ్బా వంక.

"మరి ఆయన చిరగలేదని ఎందుకన్నాడు?"

"మీరు కొనిపెట్టిన కోటేనా?"

"నేను కుట్టించిందే. నాలుగు నెలలైంది. మా పెళ్ళిరోజుకు."

"అదీ సంగతి. పెళ్ళాం పెట్టిన కోటు నాలుగు నెలలు తిరక్కుండా చింపుకున్నానని చెప్పడానికి దమ్ముండాలి. జడ్జీ ముందు ఎంత గొంతు చించుకున్నా, ఇంటికొచ్చాక మేమందరం పిల్లులమే సిస్టరమ్మా."

నర్సు పెదవుల మీద నవ్వు లాంటిది కదిలింది. గండం గడిచిందని సూదమ్మ అనుకుంది. మంచినీళ్ళు తెచ్చే వంకతో లేచి, తెర వెనకనున్న వంటగదిలోకి వెళ్ళి, కుండ మూత తీసి, గోడకు తలానించి ఒక్క నిమిషం నిలబడింది. ఆయనకు తెలిసిపోయింది. అందులో అనుమానం లేదు. పైవాళ్ళ ముందు పరువు కాపాడాడు, ఈవిడ వెళ్ళిపోయాక తలుపు వేసి అడుగుతాడు. నాలుగింటికి పిల్ల బడి నుంచి వస్తుంది. ఆలోపే అడుగుతాడు. ఏం చెప్పాలి?

కర్రుమని కత్తెర చప్పుడు వినబడింది.

గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేసరికి నర్సు కౌంటరు దగ్గర నిలబడి ఉంది. మాస్టరు పెద్ద కత్తెర ఆవిడ చేతిలో ఉంది. కోటు గుండె మీద, రఫూ పక్కనే, రెండు వేళ్ళ మేర కొత్తగా తెగి ఉంది.

"మీరే కుట్టారన్నారుగా," అంది నర్సు నెమ్మదిగా. "ఇంకోసారి కుట్టండి. నేను చూస్తూ కూర్చుంటాను. నా డ్యూటీ సాయంత్రం ఆరింటికి. చాలా టైముంది."

సూదమ్మ గ్లాసు కౌంటరు మీద పెట్టి, వెళ్ళి తన పీట మీద కూర్చుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాస్టరు సూది పట్టి ఏడాదిన్నర అయింది. కుడిచేయి వణుకుతుంది. కత్తెర బరువుగా ఉంటుంది కాబట్టి ఆ బరువుకు చేయి నిలబడుతుంది, బట్ట కత్తిరించగలడు. సూదికి బరువేముంది? ఆ వణుకు మొదలైన రోజున ఆయన పెళ్ళాంతో ఒకే మాట అన్నాడు. "మా నాన్న పేరు, నా పేరు ఈ చేతి మీదే నిలబడ్డాయి. ఈ సంగతి ఈ నాలుగు గోడలు దాటకూడదు." దాటలేదు. రఫూ అంతా ఆమె చేసేది, పేరు ఆయనకు వచ్చేది. దానికి ఆమె ఏమీ అనుకోలేదు. కానీ ఆ వణుకుతో పాటు ఆయన మాట కూడా పడిపోయింది. తిన్నావా అనడు, పడుకున్నావా అనడు, చేసిన పని చూసి బాగుందనడు. అలాంటి రోజుల్లో ప్లీడరు తన పాత కోర్టు గౌను తీసుకుని వచ్చి, మాస్టరు పక్కకు వెళ్ళినప్పుడు, "ఇది మీ చేతిపని కదూ, నాకు తెలుసు," అన్నాడు. ఆ ఒక్క మాటకు పడిపోయింది సూదమ్మ. దానికి సాకులు చెప్పదలుచుకోలేదు. ఆ మాట మొగుడి నోట వినాలని ఉండి, ఇంకొకడి నోట విన్నదే చాలనుకుంది.

ఎప్పుడైనా భయం వేస్తుందంటే ప్లీడరు ఒక వాదన వినిపించేవాడు. ఎవరికీ తెలియనంత వరకు ఎవరికీ నష్టం లేదు, నష్టం లేని చోట తప్పే లేదు అని. వినడానికి బాగుండేది. ఆ నష్టం ఇప్పుడు ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని, సూది బెజ్జంలోకి దారం ఎక్కించడానికి తంటాలు పడుతోంది.

మాస్టరు దారం కొస నోట్లో తడిపాడు. ఎడమచేత్తో సూది పట్టుకున్నాడు. కుడిచేయి బెజ్జం దాకా వచ్చి పక్కకు పోయింది. మళ్ళీ తడిపాడు. మళ్ళీ పోయింది. మోచేయి బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి మూడోసారి ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట పట్టింది.

సూదమ్మకు రెండు దారులు కనబడ్డాయి. ఊరుకుంటే ఆయన ఓడిపోతాడు, పరాయి మనిషి ముందు, తన పెళ్ళాం రంకు కప్పిపుచ్చబోయి ఓడిపోతాడు. లేదా తానే ముందుకు వచ్చి, "ఆయన చేయి వణుకుతుందమ్మా, ఏడాదిన్నరగా రఫూ అంతా నాదే" అనవచ్చు. అది నిజం కూడా. ఆ నిజంతో తాను బయటపడిపోతుంది, ఆయన పరువు పోతుంది. నోరు తెరవబోయి తన మీద తనకే అసహ్యం వేసి మూసుకుంది. దోచుకున్నది చాలక, దాచిపెట్టమని ఇచ్చింది కూడా అమ్ముకోవాలా అనిపించింది.

సూది ఆయన వేళ్ళ నుంచి జారి నేల మీద పడింది.

నర్సు కుర్చీలోంచి లేచింది. కోపం ఏమైందో తెలియదు, ముఖం మారిపోయింది. వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని, వేళ్ళు చాపించి, కాసేపు చూసింది.

"ఎంత కాలంగా ఉంది మాస్టారూ ఇది?"

ఆయన చేయి వెనక్కి లాక్కోబోయాడు.

"డాక్టరుకు చూపించారా? నడుస్తుంటే కాలు కూడా ఈడుస్తోందా?"

"చూపించాను. ఏడాదిన్నరగా ఉంది," అన్నాడు నేల చూస్తూ.

"కోటు వయసు నాలుగు నెలలు," అంది నర్సు. చేయి మాత్రం వదలలేదు.

మాస్టరు తలూపాడు. "కుట్టింది మా ఆవిడే. బజారుకు నా పేరు చెప్పుకుంటాం. పెద్ద మాస్టరు చేయి పడిపోయిందని తెలిస్తే షాపు మూసుకోవాలి. అందుకే మీతో అబద్ధమాడాను. ఇంతకు మించి ఇందులో ఏం లేదు సిస్టరమ్మా. క్షమించండి."

ఏడాదిన్నరగా ప్రాణంలా దాచుకున్న సంగతిని ఆయన తానే తీసి బల్ల మీద పెట్టేశాడు. ఎవరి కోసం పెట్టాడో సూదమ్మకు తెలుసు. ఆయన తిట్టినా, కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. తప్పించుకునే దారి కాళ్ళ ముందు చాప పరిచినట్టు పరిచి ఉంది. దాని మీద అడుగు పెట్టడానికే మనసు రావడం లేదు.

నర్సు ఆమె వైపు తిరిగింది. దగ్గరికి వచ్చి, పీటకు ఎదురుగా, నేల మీదే కూర్చుంది. వాచిన పాదాలు పక్కకు పెట్టుకుంది.

"చెల్లీ," అంది. "నేను జుట్టు పట్టుకోవడానికి రాలేదు. ఆ వయసు దాటిపోయింది. తొమ్మిది రోజులుగా నాకు నిద్ర లేదు. నీకు అనుమానం రోగం పట్టింది, తల చూపించుకో అంటున్నాడు ఆయన. రోజూ అంటున్నాడు. పిల్లల ముందు కూడా అంటున్నాడు. మొన్న ఆపరేషన్‌లో దూది ముక్కల లెక్క తప్పాను. లోపల ఒకటి ఉండగానే అన్నీ వచ్చేశాయన్నాను. డాక్టరు చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఇరవై ఏళ్ళలో నాకు లెక్క తప్పడం అదే మొదటిసారి. నిజంగా రోగమే అయితే సెలవు పెట్టి మందులు మింగుతాను. ఉద్యోగం మానేయమన్నా మానేస్తాను. రోగమో కాదో నాకు తెలియాలి. ఈ కోటు ఇక్కడే, ఈ బల్ల మీదే కుట్టావు కదూ? అవునను. లేచి వెళ్ళిపోతాను, మళ్ళీ నీ గుమ్మం తొక్కను."

అవును అనే మాట ఎంత చిన్నది. ఆ మాట అంటే ఈ షాపు ఉంటుంది, మొగుడు ఉంటాడు, నాలుగింటికి పిల్ల వచ్చి పుస్తకాల సంచీ ఈ బల్ల కిందే పడేస్తుంది. ఈ మనిషి మాత్రం ఇంటికి వెళ్ళి, సరిగ్గా చూసిన కళ్ళకు రోగమని పేరు పెట్టుకుని, మందులు మింగుతుంది. ఎవరికీ నష్టం లేదన్న ప్లీడరు మాట గుర్తొచ్చింది. మాస్టరు తల వంచుకునే ఉన్నాడు. అవునను, అవునని చెప్పి తప్పించుకో అని ఆ వంచిన తల చెబుతున్నట్టే ఉంది.

"కాదక్కా," అంది సూదమ్మ. "ఇక్కడ కుట్టలేదు."

నర్సు కళ్ళు మూసుకుని దీర్ఘంగా ఊపిరి వదిలింది. ఏడవలేదు, అరవలేదు. తొమ్మిది రోజులుగా మోస్తున్నది దించి పక్కన పెట్టినట్టు కొంచెంసేపు అలాగే కూర్చుంది.

"అయితే ఎక్కడ?" అంది తరవాత.

సూదమ్మ నోరు తెరిచింది. మొగుడు వింటుండగా ఆ గది ఊసు ఎలా ఎత్తాలి?

"టైపు స్కూలు పక్క సందులో," అంది మాస్టరు గొంతు. "మేడ మీద గది. పద్నాలుగు మెట్లు."

సూదమ్మ తిరిగి చూసింది. ఆయన స్టూలు మీద నుంచి కదలలేదు. గొంతులో కోపం లేదు. నీలం కుట్టు లేకపోవడం చూసి ఇవాళ తెలుసుకున్న మనిషి కాదు ఈయన. ఎప్పటి నుంచో తెలిసి, ఆమె వడ్డించిన అన్నం తింటూ, ఆమె పక్కన కూర్చుని గుండీలు లెక్క చూసుకుంటూ ఉన్న మనిషి.

"నాకు రెండు నెలల కిందటే తెలిసింది," అన్నాడు. "నువ్వు ఆ మెట్లెక్కడం నా కంటపడింది. ఆ తరవాత ఒక రోజు నువ్వు కూరలకని వెళ్ళాక షాపు మూసి నేనూ వచ్చాను. చంపుతానో చస్తానో అనుకుంటూనే వచ్చాను. పదమూడు మెట్లు ఎక్కాను. తలుపు మీద చేయి వేయబోతుంటే లోపల ఆడమనిషి నవ్వు వినబడింది. వెనక్కి దిగి వచ్చేశాను."

"ఏమండీ," అంది సూదమ్మ.

"ఎందుకు దిగి వచ్చానో అడగవేం? పన్నెండేళ్ళు కాపురం చేశాను, నీ నవ్వు నాకు తెలియదా. ఆ రోజు ఆ గదిలో నవ్వింది నువ్వు కాదు." ఆయన అప్పుడు తలెత్తి, పెళ్ళాం వైపు కాకుండా, నేల మీద కూర్చున్న నర్సు వైపు చూశాడు. "ఆ గొంతు ఎవరిదో కూడా నాకు తెలుసు. సిస్టరమ్మా, మీకు నా కన్నా బాగా తెలుసు. ఆ షాపు తలుపు దగ్గరికి వేసి రండి, చెప్తాను."